తెరయామా షూజీ పద్ధతిలో మన అనంతపురం వీధిలో నాటకం ఎట్ల వేయల్ల

నాటకం అంటే లలిత కళా పరిషత్‌లో తెర, మైకు, ముందు వరసలో పెద్దమనుషులు, ఇంతే అనుకుంటా ఉండే మన పిల్లోళ్ళు జపాన్ డైరెక్టర్ తెరయామా షూజీ గురించి తెలుసుకోవల్లప్పా. 1935లో పుట్టి 1983లో 47 ఏళ్ళకే పోయినాడు, ఆ లోపలే పద్యాలు, రేడియో నాటకాలు, సినిమాలు, బాక్సింగ్ మీద రాతలు అన్నీ చేసినాడు, తిట్లు కూడా అంతే తిన్యాడు. 1970లో ఒక బొమ్మల కథలో బాక్సర్ పాత్ర చచ్చిపోతే ఆ పాత్రకి నిజంగానే సంతాపసభ పెట్టించినాడు, వందలమంది వచ్చినారు.

ముందు ఆయన సినిమాలు రెండు చూడండి. 1971లో తీసిన 'పుస్తకాలు పారేసి వీధుల్లోకి రండి'లో మొదట్లోనే పిల్లోడు మన వైపు తిరిగి, ఆ చీకట్లో కూర్చుని ఏం చేస్తాండారు అని అడుగుతాడు. 1974లో తీసిన 'పల్లెలో చావు' ఇంకా గొప్పది, చివర్లో తల్లీకొడుకు అన్నం తింటా ఉంటే ఇంటి గోడలు పడిపోయి అవతల టోక్యోలో షింజుకు రోడ్డు, జనాలు కనపడతారు. ఆయనే తీసిన 'టొమాటో కెచప్ చక్రవర్తి' సినిమా జోలికి మాత్రం పోవద్దండి, స్క్రీనింగ్ అసలే పెట్టొద్దు, అందులో చిన్నపిల్లల్ని వాడిన తీరు తప్పు, ఎంత పెద్ద డైరెక్టర్ అయినా తప్పే.

ఇప్పుడు మనకి పనికొచ్చేది. 1967లో పెట్టిన తన ట్రూపు 'తెంజో సాజికి'తో 1975లో టోక్యోలోని సుగినామిలో 'నాక్' అని 30 గంటల నాటకం వేసినాడు. స్టేజీ లేదు, ఆడియన్స్‌కి మ్యాప్ ఇచ్చి వీధుల్లో వదిలినారు, ఎవరు ఏ సందులో పోతే వాళ్ళకి ఆ సీను. ఏమీ తెలియని ఆ ఏరియా జనం భయపడి కంప్లైంట్ ఇచ్చినారు, పోలీసులు వచ్చినారు, పేపర్లలో గొడవ. నాకైతే మ్యాప్ ఐడియా బంగారం, చెప్పకుండా జనాల్ని లాగడం మాత్రం వద్దు.

మనం పాతూరులో ఒక్క వీధి పట్టుకుంటే చాలు, క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో వద్దు. రెండు వారాల ముందే ఇల్లిల్లూ తిరిగి అమ్మా, అన్నా ఇట్ల చేస్తాండాం, మీ అరుగు మీద పది నిమిషాలు సీను వేసుకుంటాం అని అడగల్ల, వద్దన్నోళ్ళ ఇల్లు మ్యాప్‌లో కొట్టేయల్ల, వాళ్ళ గేటు ముందర కూడా నిలబడకూడదు. స్టేషన్లో పర్మిషన్ లెటర్ పెట్టండి. కథ బయటినుంచి తేవద్దు, ఆ వీధి ముసలోళ్ళని కూర్చోబెట్టి అడిగితే నీళ్ళ ట్యాంకర్ కాడ కొట్లాటలు, శనక్కాయ పంట పోయి బెంగళూరుకి పోయిన కొడుకులు, కావల్సినంత దొరుకుతుంది.

ఐదారు సీన్లు చాలు, అన్నీ ఒకేసారి మొదలుపెట్టి మళ్ళీ మళ్ళీ ఆడల్ల. ఆడియన్స్‌ని చిన్న చిన్న గుంపులు చేసి గుంపుకో దారి గీసిన మ్యాప్ ఇవ్వండి, గుంపు వెంట మన మనిషి ఒకడు ఉండల్ల. మైకు వద్దు, పక్క సీనుకి గొంతు కలిసిపోతుంది. ఎండాకాలం అయితే సాయంత్రం ఆరు దాటినాకనే.

అయిపోయినాక ఆ వీధివాళ్ళతో కూర్చుని వాళ్ళకి ఏం నచ్చలేదో రాసుకోండి, అది సరిచేసుకున్నాకనే ఇంకో వీధికి పోండి.