మేడ గదిలో గేమ్ ఎందుకు ఆగుతోంది? ఇంటి వైఫై: సమస్య - పరిష్కారం

నెల్లూరైనా ఒంగోలైనా ఫైబర్ కనెక్షన్ ముందు హాల్లోకే వస్తుంది. కేబుల్ ఆపరేటర్ పంపిన మనిషి టీవీ పక్కన బాక్స్ బిగించి, పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతాడు. ఆడేవాళ్లేమో వెనక గదిలోనో, మేడ మీద రేకుల గదిలోనో ఉంటారు. మధ్యలో రెండు గోడలు, ఒక శ్లాబు. స్పీడ్ టెస్ట్ చేస్తే 80 ఎంబీపీఎస్ చూపిస్తుంది, బీజీఎంఐ ఆటలో పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం) మాత్రం ఎర్రగా మారుతుంది.

ఇలాంటప్పుడు ఇంట్లో మొదట వచ్చే ఆలోచన ప్లాన్ పెంచడం. డబ్బు దండగ. ఆట నడుస్తున్నంతసేపు చాలా గేములకు ఒక ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. వాటికి కావలసింది ప్రతి ప్యాకెట్టూ, అంటే డేటా చిన్న మూట, టైముకు వెళ్లి టైముకు రావడం. అది ఎక్కడ ఆలస్యమవుతోందో తేల్చకుండా ఏదీ కొనొద్దు.

ముందు ఈ పరీక్ష

ఆడే గదిలోనే, ఆడే కంప్యూటర్‌లోనే రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరవండి. మొదటిదాంట్లో పింగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, రౌటర్ అడ్రస్ ఇచ్చి, మళ్లీ ఖాళీ వదిలి, అడ్డగీత, టీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. రౌటర్ అడ్రస్ చాలా బాక్సులకు 192.168.1.1, కొన్నింటికి 192.168.0.1 లేదా 192.168.29.1. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. రెండో కిటికీలో అదే తీరుగా 8.8.8.8కి, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కు పెట్టండి. రెండూ పక్కపక్కన నడుస్తుండగా పది నిమిషాలు ఆట ఆడండి. ఫోన్‌లో ఆడేవాళ్లకు ఇదే పని చేసే పింగ్ యాప్‌లు ఉన్నాయి.

రౌటర్ కిటికీలో అంకెలు 1 నుంచి 5 మిల్లీసెకన్ల మధ్య ఉండాలి. అక్కడే 80, 200 అని ఎగిరినా, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని పడినా తప్పు మీ ఇంటి గాలిలోనే ఉంది, ఆపరేటర్‌కు ఫోన్ చేసి లాభం లేదు. రౌటర్ కిటికీ నిలకడగా ఉండి 8.8.8.8 ఎగిరితే తప్పు బయటి లైనులోనో, లైను నిండిపోవడంలోనో ఉంది. రెండూ నిలకడగా ఉండి ఆటలోనే పింగ్ ఎక్కువైతే గేమ్ సెట్టింగ్స్‌లో సర్వర్ ఏ దేశానిదో చూడండి. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ముంబై సర్వర్‌కు వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు కావాలి, దారిలో పరికరాల ఆలస్యం అదనం. ముంబై సర్వర్‌లో 30, 40 చూపిస్తే దాన్ని రోగం అనుకోనక్కర్లేదు.

రౌటర్ కిటికీయే ఎగురుతోంది, హాల్లో కూర్చుంటే బాగుంటోంది

కారణం దూరం కంటే గోడలే. వైఫై ఎనలైజర్ లాంటి యాప్‌తో గదిలో సిగ్నల్ ఎంతో చూడండి. అది మైనస్ అంకెల్లో ఉంటుంది. -50 దగ్గర ఉంటే భేష్, -67 దాకా ఆడుకోవచ్చు, -75 దాటితే వీడియో నడుస్తుందేమో గానీ ఆట నడవదు. వీడియో ముందే కొంత దింపి పెట్టుకుంటుంది, ఆటకు ఆ వీలు లేదు.

వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో వస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను 2.4 కంటే బాగా ఎక్కువ మింగేస్తుంది. శ్లాబులో ఇనుప ఊచల వల ఉంటుంది కాబట్టి అది ఇంకా ఘోరం. ప్రకాశం జిల్లా ఇళ్లలో చీమకుర్తి గ్రానైట్ నేల మీదే కాదు, టీవీ గోడకూ అతికిస్తారు. బాక్స్ సరిగ్గా ఆ గోడకే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద దొంగ ఇనుప బీరువా. బీరువా వెనక గోడకు బాక్స్ ఉంటే ఆ గదికి సిగ్నల్ పోనట్టే. నిలువుటద్దం కూడా అంతే.

పైసా ఖర్చు లేని మార్పులు ముందు చేయండి. బాక్స్‌ను టీవీ అరలోంచి బయటికి తీసి, ఐదారడుగుల ఎత్తున, మెట్ల దగ్గరికి జరపండి. శ్లాబులో ఊచలు లేని పెద్ద కంత మెట్ల దారి ఒక్కటే, మేడ మీదికి సిగ్నల్ ఎక్కేది ఎక్కువగా అటు నుంచే. ఫైబర్ తీగ చాలకపోతే రెండు కొనలా ఆకుపచ్చ కనెక్టర్ ఉన్న ఎస్‌సీ-ఏపీసీ ప్యాచ్ కార్డ్ పది మీటర్లది, జోడించే అడాప్టర్‌తో సహా దొరుకుతుంది. నీలం కనెక్టర్ తేవద్దు. దాని కొన కోణం వేరు, ఆకుపచ్చ దానితో కలిపితే వెలుతురు వృథా అవుతుంది. తీగను మూల దగ్గర మడిచి మేకు కొట్టకుండా, చేతి గాజు అంత వంపుతో తిప్పండి.

బయటికి యాంటెన్నాలు ఉన్న బాక్స్ అయితే అన్నీ నిటారుగా పెట్టకండి. నిలబెట్టిన యాంటెన్నా పక్కలకు చిమ్ముతుంది, నెత్తి మీదికి దాదాపు ఏమీ పంపదు. మేడ గది కోసం ఒక దాన్ని అడ్డంగా పడుకోబెట్టండి.

రిపీటర్ పెట్టాం: సిగ్నల్ ఫుల్లు, ఆట ఇంకా అధ్వానం

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. గోడ ప్లగ్గులో పెట్టే రిపీటర్ తెచ్చి, సిగ్నల్ రాని గదిలోనే గుచ్చుతారు. ఫోన్‌లో నాలుగు గీతలూ నిండుతాయి. ఆ గీతలు ఫోన్‌కూ రిపీటర్‌కూ మధ్యవి. రిపీటర్‌కు హాల్లోంచి అందుతున్నది మాత్రం అదే చచ్చు సిగ్నల్. పైగా ఒకే బ్యాండ్ మీద పని చేసే రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నూ ఒకసారి విని, మళ్లీ ఒకసారి చెప్పాలి. గాలిలో సమయం రెట్టింపు ఖర్చవుతుంది, వేగం సగమవుతుంది, పింగ్ ఊగిసలాడుతుంది.

రిపీటరే వాడాలనుకుంటే దాన్ని హాల్ సిగ్నల్ -60 దగ్గర అందే చోట, అంటే దారి మధ్యలో పెట్టండి. రెండు బ్యాండ్లదే తీసుకోండి. రౌటర్ వైపు 5 గిగాహెర్ట్జ్, మీ వైపు 2.4 అయ్యేలా, లేదా గది దగ్గరైతే తిరగేసి పెట్టండి. దానికి లాన్ పోర్ట్ ఉంటే కంప్యూటర్‌ను తీగతో కలపండి, గాలిలో ఒక గెంతు తగ్గుతుంది. ఇంట్లో రెండు మూడు చోట్ల డబ్బాలు పెట్టే మెష్ సెట్లకూ ఇదే సూత్రం. డబ్బా మీద ఎంత స్పీడ్ రాసి ఉన్నా, రెండు డబ్బాల మధ్య శ్లాబు ఉంటే శ్లాబుదే పైచేయి.

వీటన్నిటికంటే చవకగా, గట్టిగా పని చేసేది వేరే ఉంది. హాల్ నుంచి మేడ గదికి ఒక్క లాన్ తీగ లాగి, పై గదిలో పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన నెట్‌ను అక్కడ వైఫైగా ఇచ్చే బాక్స్‌గా పెట్టడం. వైర్‌లెస్ అడిగితే వైరు చెబుతున్నారేమిటి అనుకోవచ్చు. గదిలోపల అంతా వైర్‌లెస్సే, శ్లాబు దాటే పని మాత్రం తీగకు అప్పగిస్తున్నాం.

తీగ క్యాట్ 6, పూర్తి రాగిది కావాలి. చవకగా దొరికేవాటిలో చాలా వరకు అల్యూమినియం మీద రాగి పూత. బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనబడుతుంది, అలాంటిది వద్దు. తీగ 100 మీటర్ల దాకా పని చేస్తుంది. రెండంతస్తుల ఇంటికి ఎటు తిప్పినా 25, 30 మీటర్లు చాలు. కరెంటు వైర్లు పోయే పైపులో దీన్ని దూర్చనివ్వకండి, ఎలక్ట్రీషియన్ పర్లేదన్నా సరే. కేబుల్ టీవీ తీగ పోయే పైపు ఖాళీగా ఉంటే అది సరైన దారి. బయటి గోడ మీదుగా వేస్తే ఎండకు మామూలు తొడుగు రెండేళ్లలో బీటలిస్తుంది, బయట వాడే నల్ల తొడుగు కేబుల్ అడగండి. గోడ రంధ్రంలోకి దూరే ముందు తీగను కాస్త కిందికి వేలాడదీసి పైకి తిప్పండి, లేకపోతే కార్తీక మాసం వానలకు తీగ వెంట నీళ్లు నేరుగా స్విచ్ బోర్డులోకి దిగుతాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి జాక్‌లో రాగి పట్టీలు పచ్చబడతాయి, కాబట్టి జాక్ ఎప్పుడూ ఇంటి లోపలే ఉండాలి.

జాక్ కొట్టేటప్పుడు, క్లిప్ కిందికీ రాగి పట్టీలు పైకీ తీగ దూరే వైపు మీ వైపుకీ ఉండగా ఎడమ నుంచి వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనలా ఇదే వరస. ఈ తీగను కంప్యూటర్‌కు పెట్టినప్పుడు, రెండు వైపులా పోర్ట్‌లు 1000వే అయినా లింక్ స్పీడ్ 100 చూపిస్తే ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి అందలేదని అర్థం, ఆ జాక్ కోసేసి మళ్లీ కొట్టండి. ఎలుక కొరికినా ఇదే లక్షణం.

పాత రౌటర్‌ను సిద్ధం చేసే వరస ఇది:

1. దాన్ని ముందు విడిగా కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో దాని అడ్రస్ 192.168.1.2కి మార్చండి. హాల్ బాక్స్ అడ్రస్ 192.168.1.1 అయితేనే ఇది. వేరే అయితే చుక్కలతో విడదీసిన మొదటి మూడు సంఖ్యలు ఆ బాక్స్‌వే ఉండాలి.
2. డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి. ఇది మరిచిపోతే ఇంట్లో సగం ఫోన్లకు నెట్ రాదు, ఎందుకో అంతుపట్టదు.
3. హాల్ బాక్స్ లాన్ పోర్ట్ నుంచి వచ్చిన తీగను దీని లాన్ పోర్ట్‌లోనే పెట్టండి, బయటి లైను పెట్టే వ్యాన్ పోర్ట్‌లో కాదు. యాక్సెస్ పాయింట్ మోడ్ అని విడిగా ఉన్న రౌటర్ అయితే ఈ మూడూ అదే చూసుకుంటుంది.
4. వైఫై పేరు, పాస్‌వర్డ్ హాల్లోవే పెట్టి చానల్ మాత్రం వేరేది ఇవ్వండి. గేమ్ ఆడే ఫోన్ హాల్ సిగ్నల్‌ను పట్టుకుని వేలాడుతుంటే పై దానికి వేరే పేరు పెట్టడమే మేలు.

పగలు బాగుంటుంది, సాయంత్రం ఏడయ్యాక మొదలు

అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. యాప్‌లో చూస్తే చుట్టుపక్కల ఇళ్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అక్కడ ఒకదాన్నొకటి తాకని చానళ్లు 1, 6, 11 మాత్రమే. ఖాళీగా ఉందని 3 పెడితే 1 వాళ్లతోనూ 6 వాళ్లతోనూ గొడవే. వీటిలో తక్కువ రద్దీ ఉన్నది ఎంచి, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. ఆట మాత్రం 5 గిగాహెర్ట్జ్ మీదికి మార్చండి, చానల్ 36 నుంచి 48 లోపు, లేదా 149 నుంచి 161 లోపు. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలిందనుకుంటే రౌటర్ ఆ చానల్ వదిలేసి పోతుంది, అదే క్షణంలో మీరు ఆటలోంచి బయటపడతారు. ఆటో చానల్ పెట్టి ఉంచకండి.

ఠంచనుగా నిమిషానికోసారి ఒక్క ఎగురు

పింగ్ 3, 3, 4, 3, ఒక్కసారిగా 250, మళ్లీ 3. ఇంత లెక్కగా వస్తుంటే అది సిగ్నల్ లోపం కాదు. కంప్యూటరో ఫోనో వేరే వైఫైల కోసం వెతుకుతోంది. విండోస్‌లో లొకేషన్ ఆపండి. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పవర్ సేవింగ్‌ను మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. ఫోన్‌లో లొకేషన్ కింద ఉండే వైఫై స్కానింగ్ ఆపండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పని చేస్తాయి, ఆటప్పుడు వైరుదే వాడండి. కంప్యూటర్ వెనక నీలం యూఎస్‌బీ 3 పోర్ట్‌లో చిన్న వైఫై డాంగిల్ గుచ్చి ఉంటే మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో బల్ల మీదికి తెచ్చుకోండి. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్‌ను పాడు చేస్తుంది, పైగా ఇనుప క్యాబినెట్ అడ్డం.

రౌటర్ కిటికీ 3, రెండో కిటికీ 400

ఇంట్లో ఎవరో అప్‌లోడ్ చేస్తున్నారు. పెళ్లి ఫొటోలు బ్యాకప్ అవుతుంటాయి, లేదా సీసీ కెమెరా రోజంతా క్లౌడ్‌కు పంపుతుంటుంది. బాక్స్‌లో ప్యాకెట్ల క్యూ పెరిగి, సన్న సందులో కంకర లారీ వెనక ఇరుక్కున్న స్కూటర్‌లా మీ గేమ్ ప్యాకెట్ ఆగిపోతుంది. బ్యాకప్ ఆపి చూడండి, పింగ్ వెంటనే దిగితే అదే కారణం. బ్యాకప్‌లు తెల్లవారుజామున జరిగేలా పెట్టండి, కెమెరా రికార్డింగ్ లోపలి కార్డుకు మార్చండి. సొంత రౌటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూ పెరగకుండా చూసే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండింటినీ అసలు వేగంలో 85, 90 శాతానికి కట్టండి. పది, పదిహేను శాతం స్పీడ్ పోతుంది, ఇంటిల్లిపాదీ వాడుతున్నా ఆట కదలదు. చాలా బాక్సుల్లో ఉండే ఉత్త "గేమింగ్ మోడ్" బటన్ దీనికి సాటి రాదు.

స్నేహితుడి గదిలో చేరలేకపోతున్నాం, నాట్ టైప్ స్ట్రిక్ట్ అంటోంది

ఆపరేటర్ బాక్స్ వెనక మీ రౌటర్ కూడా రౌటర్‌గానే పని చేస్తోంది, నాట్ (ఇంట్లోని పరికరాలన్నిటినీ బయటికి ఒకే అడ్రస్‌తో చూపే పని) రెండుసార్లు జరుగుతోంది. పైన చెప్పిన యాక్సెస్ పాయింట్ పద్ధతితో ఇది పోతుంది. తర్వాత హాల్ బాక్స్‌లో యూపీఎన్‌పీ (గేమ్ తనకు కావలసిన పోర్ట్ తానే తెరిపించుకునే వీలు) ఆన్ చేయండి. అయినా పోకపోతే బాక్స్‌లో వ్యాన్ అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే నాట్ ఆపరేటర్ దగ్గరే ఉంది, మీరు ఏ పోర్ట్ తెరిచినా ఉపయోగం లేదు. ఐపీవీ6 (కొత్త అడ్రస్ పద్ధతి) ఆన్ చేయించుకోండి, లేదా పబ్లిక్ ఐపీకి అదనంగా ఎంతో అడగండి.

మధ్యాహ్నాలు, కరెంటు పోయినప్పుడు

ఇంటి రౌటర్లు చాలావరకు 40 డిగ్రీల వేడి వరకే పని చేసేలా చేసినవి. రోహిణి కార్తెలో రేకుల గది మధ్యాహ్నానికే అది దాటుతుంది. అక్కడి రౌటర్‌ను గోడకు కింది సగంలో, గాలి తగిలేలా బిగించండి. అరలో పెట్టి తలుపు మూయకండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు బాక్స్ రీస్టార్ట్ అయితే, మళ్లీ లైను పట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు తిప్పండి. లేదంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనండి. కొనే ముందు బాక్స్ అడాప్టర్ మీద ఉన్న ఆంపియర్లు చూసుకోండి: 1, 1.5, 2 ఏదైనా కావచ్చు. మినీ యూపీఎస్‌ది అంతకు తగ్గకూడదు.

బాక్స్ మీద లాస్ లైట్ ఎర్రగా

బాక్స్ మీద ఇంగ్లీషులో ఎల్ఓఎస్ అని రాసి ఉండే లైట్ ఇది. ఇది వైఫై జబ్బు కాదు. ఫైబర్‌లో వెలుతురే రావడం లేదు. తుపాను గాలికో, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చిన లారీకో స్తంభం మీది తీగ తెగి ఉంటుంది. ఇంట్లో తీగ ఎక్కడైనా మడతపడిందేమో చూసి, ఆకుపచ్చ కనెక్టర్‌ను ఒకసారి తీసి పెట్టి, ఆపరేటర్‌కు "లాస్ ఎర్రగా ఉంది" అని అదే మాటతో చెప్పండి. ఊడిన కనెక్టర్ కొనలోకి కంటితో చూడొద్దు, లోపల లేజర్ ఉంటుంది. సూదితో రీసెట్ బటన్ కూడా నొక్కకండి. చాలా బాక్సుల్లో లాగిన్ వివరాలు అంతటితో చెరిగిపోతాయి, తీగ అతికినా వాళ్ల మనిషి మళ్లీ ఇంటికి వచ్చిందాకా నెట్ రాదు.