కాంతి విద్యుత్ ఫలితం సొంతంగా నేర్చుకుందాం – భాగం 3: గ్రాఫ్ గీసి ప్లాంక్ స్థిరాంకం రాబట్టడం

మెటల్ మీద లైటు పడితే ఎలక్ట్రాన్లు బయటికి రావడమే కాంతి విద్యుత్ ఫలితం. పోయిన భాగంలో ఏం చూశాం, ఒక ఫోటాన్, అంటే కాంతి ఎనర్జీ పొట్లం, తన ఎనర్జీ మొత్తం ఒకే ఎలక్ట్రాన్‌కి ఇచ్చేస్తుంది, అందులో కొంత మెటల్‌లోంచి బయటపడటానికే ఖర్చయిపోతుంది, దాన్నే పని ప్రమేయం అన్నాం, మిగిలింది ఎలక్ట్రాన్ పరుగుకి. పది ఫోటాన్లు చందా వేసుకుని ఒక ఎలక్ట్రాన్‌ని బయటికి పంపడం మామూలు లైటు దగ్గర కుదరదు. ఇవాళ గ్రాఫ్ పేపరు, పెన్సిలు, స్కేలు దగ్గర పెట్టుకోండి, ఊరికే చదివితే ఈ భాగం బుర్రకెక్కదు.

ఎలక్ట్రాన్ ఎంత స్పీడుతో వస్తోందో నేరుగా చూడలేం కాబట్టి ఎదురు ప్లేటుకి నెగటివ్ వోల్టేజి ఇచ్చి కొద్దికొద్దిగా పెంచుతాం, అన్నిటికంటే చురుకైన ఎలక్ట్రాన్ కూడా దాటలేక కరెంటు సున్నా అయ్యే వోల్టేజి ఒకటి వస్తుంది, అదే నిరోధక పొటెన్షియల్. ఐన్‌స్టీన్ 1905లో రాసిన సమీకరణాన్ని దీనికి తగ్గట్టు మారిస్తే ఇలా ఉంటుంది (పౌనఃపున్యాన్ని ఏ సంఖ్యతో గుణిస్తే ఫోటాన్ ఎనర్జీ వస్తుందో అదే ప్లాంక్ స్థిరాంకం):

నిరోధక పొటెన్షియల్ = (ప్లాంక్ స్థిరాంకం ÷ ఎలక్ట్రాన్ ఆవేశం) × పౌనఃపున్యం − (పని ప్రమేయం ÷ ఎలక్ట్రాన్ ఆవేశం)

ఇది టెన్త్‌లో చదివిన సరళరేఖ సమీకరణమే, వై ఈక్వల్ టు ఎమ్ఎక్స్ ప్లస్ సి. బ్రాకెట్లో ఉన్న మొదటిది వాలు. లైటు ఎంత బ్రైట్‌గా ఉంది అనేదానికి ఇందులో అసలు చోటే లేదు చూడండి. బ్రైట్‌నెస్ రెట్టింపు చేస్తే కరెంటు రెట్టింపవుతుంది, నిరోధక పొటెన్షియల్ మాత్రం కదలదు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త లెనార్డ్ 1902లో గమనించింది ఇదే, తరంగ సిద్ధాంతానికి మింగుడు పడనిదీ ఇదే.

ఇప్పుడు గీద్దాం. మెర్క్యురీ ల్యాంపు, సోడియం ప్లేటు, పని ప్రమేయం 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక్క వోల్టు దాటితే ఎలక్ట్రాన్‌కి వచ్చే ఎనర్జీ ఒక ఎలక్ట్రాన్ వోల్టు) అనుకుని ప్రాక్టీసు కోసం లెక్కకట్టిన అంకెలివి. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ లైనుకి పౌనఃపున్యం 8.21×10¹⁴ హెర్ట్జ్, నిరోధక పొటెన్షియల్ 1.10 వోల్టులు. 405 వయొలెట్‌కి 7.41×10¹⁴, 0.76 వోల్టు. 436 నీలానికి 6.88×10¹⁴, 0.55 వోల్టు. అడ్డంగా పౌనఃపున్యం, నిలువుగా వోల్టులు పెట్టండి. చాలామంది తొందరలో అడ్డంగా తరంగదైర్ఘ్యం పెట్టేస్తారు, అప్పుడు వంపు తిరిగిన గీత వస్తుంది, వాలు తీయడానికి పనికిరాదు.

మూడు చుక్కలు దాదాపు ఒకే గీత మీద పడతాయి. వాలు: (1.10 − 0.55) ÷ (8.21 − 6.88) అంటే 0.55 ÷ 1.33, కింద ఉన్న 10¹⁴ కూడా కలుపుకుంటే 4.14×10⁻¹⁵ వోల్ట్ సెకండ్. దీన్ని ఎలక్ట్రాన్ ఆవేశం 1.6×10⁻¹⁹ తో గుణించండి, 6.62×10⁻³⁴ జౌల్ సెకండ్, ప్లాంక్ స్థిరాంకం వచ్చేసింది.

ఇక గీతని కిందికి పొడిగిస్తే అడ్డ అక్షాన్ని 5.55×10¹⁴ దగ్గర తాకుతుంది, అదే ఆరంభ పౌనఃపున్యం. అదే ల్యాంపులో 546 నానోమీటర్ల ఆకుపచ్చ లైను ఉంది, దాని పౌనఃపున్యం 5.49×10¹⁴. కొంచెంలో తప్పిపోయింది! ఆ ఆకుపచ్చని ఎంత గుప్పించినా ఈ ప్లేటు నుంచి ఎలక్ట్రాన్ రాదనే మన లెక్క చెబుతుంది.

ల్యాబ్‌లో చేసేవాళ్ళకి ఒక మాట. గీత నిలువు అక్షాన్ని కోసే చోటుని చూసి ఇదే ప్లేటు పని ప్రమేయం అని రికార్డులో రాసేయకండి, ఎదురు ప్లేటు వేరే మెటల్ అయితే రెండిటి మధ్య కాంటాక్ట్ పొటెన్షియల్ (వేర్వేరు మెటల్స్‌ని కలిపితే వాటంతట అవే వచ్చే వోల్టేజి తేడా) కలిసి గీత మొత్తం పైకో కిందికో జరుగుతుంది. వాలు మాత్రం మారదు, అందుకే నా దృష్టిలో ఈ ప్రయోగంలో నమ్మదగ్గది వాలే.

ఈ గొడవంతా బాగా తెలిసినవాడు చికాగో యూనివర్సిటీలో పనిచేసిన అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త మిల్లికాన్. గాలి తగిలితే సోడియం, లిథియం లాంటి మెటల్స్ మీద పొర కట్టేస్తుంది కాబట్టి గాజు గొట్టంలో వాక్యూమ్‌లోనే చిన్న కత్తి పెట్టి, బయట నుంచి తిప్పుతూ, ప్రతిసారీ మెటల్ పైపొర చెక్కి తాజా ముఖం మీద కొలిచాడు. 1916లో ఆయనకి వచ్చిన విలువ ఇప్పటి యూనిట్లలో 6.57×10⁻³⁴, ఇవాళ్టి 6.626 కి ఒక్క శాతం కూడా తేడా లేదు. తమాషా ఏంటంటే గీత తిన్నగా వచ్చిందని ఒప్పుకున్న ఆయనే, దాని వెనకున్న కాంతి కణాల ఊహని మాత్రం దుందుడుకుతనం కింద లెక్కేశాడు. అది మొండితనమేమీ కాదు, గీత తిన్నగా రావడం వేరు, కాంతి నిజంగా కణాల్లా వస్తోందనడం వేరు. చాలామందికి ఆ రెండో నమ్మకం కుదిరింది 1923లో కాంప్టన్ ఎక్స్‌రే ప్రయోగం తర్వాతే, దాని సంగతి భాగం 4లో.

హోంవర్క్: సీజియం పని ప్రమేయం 2.14 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకోండి. పైన ఫెయిలైన ఆ 546 ఆకుపచ్చనే దాని మీద వేయండి. ఫోటాన్ ఎనర్జీకి 1240ని నానోమీటర్లతో భాగిస్తే నేరుగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది, జౌల్స్ జోలికి పోనక్కర్లేదు. నిరోధక పొటెన్షియల్ ఎంత? తర్వాత సీజియం గీతని సోడియం గీత ఉన్న గ్రాఫ్ మీదే గీయండి, కాంటాక్ట్ పొటెన్షియల్ లేదనుకునే. రెండు గీతలు ఎక్కడైనా కలుస్తాయా, కలవకపోతే ఎందుకు?