ఆదివారం గొంతు, సోమవారం గొంతు: విశ్వాసాన్ని రోజువారీ బతుకులోకి తెచ్చుకోవడం ఎలా

ఆదివారం ప్రార్థన చేసేటప్పుడు మన గొంతు ఎంత మెత్తగా ఉంటుందో తెలుసు కదా, కళ్ళు మూసుకుని "ప్రభువా నీ చిత్తమే జరగాలి" అంటాం, అదే గొంతు సోమవారం పొద్దున పిల్లదాని షూ ఒకటి కనపడకపోతే ఏమవుతుందో ఇంట్లో వాళ్ళకి బాగా తెలుసు. మా చిన్నది ఒకసారి అడిగేసింది, "నాన్నా, ప్రార్థనలో మాట్లాడేది ఇంకో నాన్నా?" అని. అప్పటికి నవ్వేశాను గానీ అది వారం రోజులు లోపల గుచ్చుతూనే ఉంది. ఈ రెండు గొంతుల మధ్య దూరం ఎలా తగ్గించుకోవాలి అన్నదే ఇక్కడ రాస్తున్నా, నాకు తగ్గిపోయిందని కాదు, నాకు పనికొచ్చినవి చెప్తున్నా అంతే.

ముందు ఒక మాట. ఇవన్నీ చేస్తే దేవుడు మనల్ని ఒప్పుకుంటాడని కాదు. కృప చేతనే రక్షణ అని ఎఫెసీ 2:8 కంఠతా చెప్తాం కదా, ఆ తర్వాత రెండు వచనాలకే సత్క్రియల కోసం సృష్టించబడ్డాం అని ఉంది, దాన్ని మాత్రం గబగబా దాటేస్తాం. డేవిడ్ బెబింగ్టన్ అనే చరిత్రకారుడు 1989లో ఇవాంజెలికల్ విశ్వాసుల్ని, అంటే బైబిలుని, వ్యక్తిగత మారుమనస్సుని గట్టిగా పట్టుకునే ప్రొటెస్టెంటు క్రైస్తవుల్ని, గుర్తుపట్టే నాలుగు లక్షణాలు చెప్పాడు: మారుమనస్సు, బైబిలు, సిలువ, నాలుగోది క్రియల్లో చూపించడం. మొదటి మూడింటి గురించి గంటలు గంటలు మాట్లాడతాం, నాలుగోది వచ్చేసరికి ఇంకో మీటింగు పెడతాం.

సరే, పొద్దున నుంచి మొదలుపెడదాం. రాత్రి ఫోన్‌ని పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టకండి, వేరే గదిలో పెట్టండి, అలారానికి మామూలు గడియారం వాడండి. నేను చాలా ఏళ్ళు యాప్‌లోనే వాక్యం చదివేవాణ్ణి, తప్పేం లేదు, కానీ కీర్తనలో మూడో వచనం దగ్గర ఉండగా పైనుంచి నోటిఫికేషన్ దిగుతుంది, అది నొక్కుతాం, ఇరవై నిమిషాల తర్వాత ఎక్కడున్నామో మనకే తెలీదు. కాగితం బైబిలుకి ఆ బాధ లేదు.

ఎంత చదవాలి అంటే, మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకి మూడు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతుంది. స్కాట్లాండ్‌లో రాబర్ట్ మెక్‌షేన్ అనే పాస్టర్ 1842లో తన సంఘం కోసం ఒక పట్టిక తయారుచేశాడు, పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు ఏడాదిలో పూర్తవుతాయి, ఇప్పటికీ చాలామంది దాన్నే పాటిస్తారు. మంచిదే గానీ కొత్తవాళ్ళు దానితో మొదలుపెట్టొద్దనే నా సలహా. జనవరిలో ఆరంభ శూరత్వంతో ఆదికాండము పరుగెత్తించి ఫిబ్రవరిలో లేవీయకాండము దగ్గర చతికిలబడిపోయి, ఇక నా వల్ల కాదులే అని డిసెంబరు దాకా ముట్టుకోని వాళ్ళని నేను చాలామందిని చూశాను, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. మార్కు సువార్త 16 అధ్యాయాలే, రోజుకి ఒకటి చదవండి. చదివాక ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈ రోజు నేను కలవబోయే మనుషుల్లో ఎవరి దగ్గర ఇది పనికొస్తుంది? పేరుతో సహా చిన్న కాగితం మీద రాసుకోండి. అద్దంలో మొహం చూసుకుని వెంటనే మర్చిపోయినవాడి గురించి యాకోబు రాశాడు కదా, ఆ కాగితం ఆ మరుపుకి మందు. ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చదివి బాకీ తీర్చాలని చూడకండి, ఆ రోజుది ఆ రోజు చదవండి, బాకీ లెక్కలు మొదలైతే మూడో రోజుకి మానేస్తాం.

ప్రార్థన విషయంలో నాకు బైబిల్లో నెహెమ్యా బాగా సాయం చేశాడు, పర్షియా రాజుకి పానదాయకుడిగా పనిచేసిన యూదుడు ఈయన. రాజు "నీకేం కావాలి" అని అడిగాడు, జవాబు చెప్పే లోపు ఈయన పరలోక దేవునికి ప్రార్థన చేశాడట (2:4). రాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు, మోకాళ్ళూనే టైం లేదు, ఒక్క వాక్యం అయ్యుంటుంది మహా అయితే. కానీ మొదటి అధ్యాయం చూడండి, అంతకుముందు రోజుల తరబడి ఉపవాసముండి ఏడ్చి ప్రార్థించాడు, ఆ పొడుగు ప్రార్థన ఉంది కాబట్టే ఈ చిన్నది పనిచేసింది. రెండూ కావాలి. చిన్న ప్రార్థనని దేనికో ఒకదానికి కట్టేయండి, నేను కోపంగా టైప్ చేసిన మెసేజ్ పంపే బటన్‌కి కట్టేశాను, నొక్కే ముందు "ప్రభువా, ఇది పంపమంటావా" అంతే. చాలాసార్లు ఆ మెసేజ్ డిలీట్ అయిపోతుంది.

ఇక ఉద్యోగం. "ఏమి చేసినను ప్రభువు నిమిత్తము" అనే కొలొస్సయులకు 3:23 వచనం ఫ్రేమ్ కట్టించి టేబుల్ మీద పెట్టుకుంటాం, అది ఎవరికి రాసింది అని మాత్రం చూడం. పై వచనంలోనే ఉంది, దాసులకి. జీతం, ప్రమోషన్, నచ్చిన పని, ఇవేవీ లేనివాళ్ళకి. కాబట్టి "నాకు నచ్చిన ఉద్యోగం దొరికితే మనసు పెట్టి చేస్తా" అనే సాకు అక్కడ చెల్లదు. టేబుల్ మీద వచనం ఉండి రిపోర్టు మూడు రోజులు లేటైతే పక్కవాళ్ళు ఆ వచనాన్నే నమ్మడం మానేస్తారు.

చిన్న అబద్ధాల దగ్గరే అసలు పరీక్ష. "నేను లేనని చెప్పు" అని పై ఆఫీసరు అంటాడు, ఏం చేయాలి? గొడవ పెట్టుకోనక్కర్లేదు, "సార్ ఇప్పుడు మాట్లాడలేరండి, మీ నంబరు ఇవ్వండి చెప్తాను" అంటే పని అయిపోతుంది, అబద్ధం అక్కర్లేదు. నేనొకసారి ప్రయాణం ఖర్చుల బిల్లులో కొంచెం పెంచి రాశాను, అందరూ చేసేదేగా అనుకుని. తర్వాత అదే వారం సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడితే మాట పెగల్లేదు. వెళ్ళి అకౌంట్స్ అతనికి తప్పు రాశానని చెప్పి డబ్బు కట్టాను, అతను నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు, కానీ ఆ తర్వాత నా బిల్లులు మళ్ళీ ప్రశ్నించలేదు. ఇంకోటి, పక్కవాడు చేసిన పనిని మీటింగ్‌లో వాడి పేరుతోనే చెప్పడం. ఇది కూడా సాక్ష్యమే, ఎవరూ స్తోత్రం అనరు గానీ.

"ఇదంతా లోకసంబంధమైన పని, మానేసి పూర్తిగా సంఘ సేవలోకి వచ్చేయనా" అని కొందరు అడుగుతారు. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్‌కి కూడా మారుమనస్సు వచ్చాక ఇదే సందేహం, 1785లో జాన్ న్యూటన్ అనే పాస్టర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకి కెప్టెన్. పార్లమెంటు వదలొద్దు అక్కడే ఉండు అన్నాడాయన. ఉన్నాడు, బ్రిటన్‌లో బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం రావడానికి 1807 దాకా పట్టింది. పిలుపు ఉన్నవాళ్ళు సేవకి వెళ్ళాలి, సందేహం లేదు, కానీ ఆఫీసు బోర్ కొట్టడం పిలుపు కాదు.

మరి సువార్త చెప్పడం? 1 పేతురు 3:15 నెమ్మదిగా చదవండి, మీ నిరీక్షణ గురించి అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది, అది కూడా సాత్వికంతో, గౌరవంతో. అడగాలంటే ముందు వాళ్ళకి అడగాలనిపించాలి కదా. ఎవరైనా కష్టం చెప్పుకుంటే పూర్తిగా వినండి, మధ్యలో వచనం తియ్యకండి. విన్నాక "మీ కోసం ప్రార్థన చేయొచ్చా" అని అడగండి, వద్దంటే సరేనండి అని ఊరుకోండి, మొహం మార్చుకోవద్దు. ఒప్పుకుంటే నిజంగా చేయండి, వారం తర్వాత ఎలా ఉందని అడగండి, మనలో చాలామంది ఈ రెండో భాగమే మర్చిపోతాం. ఇంకొకటి, ఇందులో నాతో ఒప్పుకోని వాళ్ళు ఉంటారు: మీ కింద పనిచేసే వాళ్ళకి మీరు ఆఫీసులో ప్రసంగం చేయకండి. వాళ్ళు మీకు వద్దని చెప్పలేరు, వద్దని చెప్పలేని మనిషికి చెప్పేది సువార్తలా వినపడదు.

ఫోన్ సంగతి రెండు ముక్కల్లో. పది మందికి పంపితే ఆశీర్వాదం అనే మెసేజ్ పంపకండి, నిజమో కాదో తెలియని అద్భుతాలు, దాడుల వార్తలు కూడా, మనవాళ్ళ గురించే అయినా సరే, అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞకి ఫార్వర్డ్ చేశాను అంతే అనే మినహాయింపు లేదు. 1948లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన తోటివాళ్ళు మోడెస్టో అనే ఊళ్ళో కూర్చుని సువార్తికులు ఎక్కడ పడిపోతున్నారో జాబితా రాసుకున్నారు, డబ్బు, లైంగిక పాపం, స్థానిక సంఘాల్ని విమర్శించడం, వీటితో పాటు సభకి వచ్చిన జనం సంఖ్య పెంచి చెప్పడం కూడా అందులో ఉంది! ఇక రాత్రి ఒంటరిగా ఏం చూస్తున్నామో అడిగే హక్కు ఒక్క మనిషికైనా ఇవ్వండి, నమ్మకమైన స్నేహితుడికి, స్త్రీలైతే స్నేహితురాలికి.

డబ్బు గురించి, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ చేసింది నాకు ఇష్టం. ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికాడు, తర్వాత ఏడాది రాబడి రెట్టింపు అయినా 28తోనే బతికి మిగిలింది ఇచ్చేశాడు. అంత మనవల్ల కాకపోవచ్చు, జీతం పెరిగినప్పుడు ఇచ్చేది కూడా పెరిగిందా అని చూసుకోవడం అవుతుంది.

అన్నిటికంటే కష్టమైంది, అందుకే చివర్లో పెట్టా, సారీ చెప్పడం. కానుక బలిపీఠం దగ్గర వదిలేసి ముందు సహోదరునితో సమాధానపడు అని ప్రభువే చెప్పాడు (మత్తయి 5:23, 24), మనం మాత్రం కానుక వేసేసి, పాట పాడేసి, ఇంటికొచ్చి మళ్ళీ మాట్లాడకుండా ఉంటాం. చెప్పే పద్ధతి ఇది. ఏం చేశారో పేరు పెట్టి చెప్పండి, "ఏదైనా తప్పు జరిగితే క్షమించు" అన్నది సారీ కాదు. "కానీ" అనే మాట వాడొద్దు, "అరిచాను, కానీ నువ్వు కూడా" అన్నారంటే మళ్ళీ మొదటికొచ్చారు. పిల్లలకి కూడా చెప్పండి, పరువేం పోదు. వెంటనే క్షమించమని ఒత్తిడి చేయకండి, "దేవుడే నన్ను క్షమించాడు నీకేంటి" అని అస్సలు అనొద్దు. నష్టం చేసి ఉంటే పూడ్చండి, సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఇదే మాట తిప్పి వాడేవాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తున్నా, ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి దగ్గర క్షమాపణ పేరుతో పడి ఉండమని వాక్యం చెప్పదు, ముందు ప్రాణం కాపాడుకోండి, సాయం తీసుకోండి, చట్టం దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు.

వీటిలో ఒకటే పట్టుకుని నెల రోజులు చేయండి, అన్నీ ఒకేసారి వద్దు. నేను సారీ దగ్గర మొదలుపెట్టాను. మొదట్లో అరిచాక సాయంత్రానికి గానీ నోరు వచ్చేది కాదు, ఒక్కోసారి మర్నాడు. మొన్న మళ్ళీ షూ పోయింది, మళ్ళీ అరిచాను, చిన్నది బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడింది, పది నిమిషాలు కూడా కాకుండానే వెళ్ళి కింద కూర్చుని "షూ కోసం నీ మీద అరిచాను, తప్పు నాది" అన్నాను. "సరే నాన్నా, సోఫా కింద చూశావా?" అంది. అక్కడే ఉంది.