చవగ్గా కట్టుకున్న వెల్డింగ్ టేబుల్ మొరాయిస్తోందా? లక్షణం చూసి జబ్బు పట్టుకోండి

ఇంటి వర్క్‌షాపుకి టేబుల్ కావాలనగానే చాలామంది చేసే పని ఒకటే. నాలుగు స్క్వేర్ పైపులు కాళ్లుగా నిలబెట్టి, మీద దొరికిన ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుప) షీట్ పరిచి, చుట్టూ వెల్డు కొట్టేయడం. నేనూ అదే చేశాను. 3 మి.మీ. షీట్, అంచు పొడవునా ఎక్కడా ఆపకుండా వెల్డు, సాయంత్రానికి టేబుల్ రెడీ. చల్లారాక చూస్తే మధ్యలో పళ్లెంలా పల్లం పడింది, నట్టు ఎక్కడ పెట్టినా దొర్లుకుంటూ వచ్చి అక్కడే ఆగేది. తర్వాత ఇంకో రెండు టేబుళ్లు కట్టాక అర్థమైంది, ఈ గోలల్లో సగం డబ్బు తక్కువ పెట్టినందుకు వచ్చేవి కావు, మళ్లీ విప్పి సరిచేసుకునే దారి లేకుండా అన్నిటినీ వెల్డు చేసి పారేసినందుకు వచ్చేవి. మీ టేబుల్ ఏ లక్షణం చూపిస్తోందో కింద వెతుక్కోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

పై ప్లేటు మధ్యలో దిగింది, లేదా అలలు అలలుగా వంకర పోయింది

ముందు నిజంగా ఎంత దిగిందో కొలవండి, కంటితో చూసి తేల్చుకోకండి. ఒకే సైజు నట్లు నాలుగు తీసుకుని నాలుగు మూలల్లో పెట్టి, వాటి మీదుగా మూల నుంచి మూలకి రెండు సన్నటి దారాలు బిగించి లాగండి. మధ్యలో రెండు దారాలూ ఒకదాన్నొకటి ఊరికే తాకుతూ ఉంటే నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలాగే దారం కింద అలాంటిదే ఐదో నట్టు దూర్చి చూడండి, వదులుగా ఉంటే మధ్య దిగినట్టు, దూరకపోతే ఉబ్బినట్టు. ఒక్క జాగ్రత్త ఏంటంటే, పైన ఉన్న దారాన్ని కిందికి మార్చి ఇంకోసారి చూడాలి, లేకపోతే కింది దారం పైదాన్ని నెడుతున్నా మీకు తెలియదు, అంతా బాగుందనుకుంటారు.

కారణం రెండింట్లో ఒకటి. ప్లేటు పల్చన కావచ్చు, వెల్డు లాగేసి ఉండచ్చు. మొదటిదాని లెక్క చాలా మంది అనుకునేదానికంటే పెద్దది: మందం రెట్టింపైతే వంగకుండా నిలబడే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే 3 మి.మీ. షీట్ సుత్తి దెబ్బకి డప్పులా మోగుతుంది, 6 మి.మీ. ప్లేటు మాట్లాడదు. 1000 × 600 మి.మీ. సైజులో 6 మి.మీ. ప్లేటు 28 కిలోలు, 10 మి.మీ. అయితే 47 కిలోలు ఉంటుంది. గేట్లు, గ్రిల్స్, స్టాండ్లు లాంటి ఇంటి పనులకి 6 చాలు, దాని కింద ఫ్రేమ్ సరిగ్గా ఉంటే. 10 దొరికితే వదలకండి, కానీ కొత్తది కొననక్కర్లేదు, తుక్కు సామానులో కోసి మిగిలిన ముక్క దొరుకుతుందేమో ముందు చూడండి.

రెండోది వెల్డు. స్టీలు ఒక మీటరు పొడవు 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.2 మి.మీ. సాగుతుంది, వెల్డు కొట్టిన గీత దగ్గరైతే ఇనుము కరిగేదాకా వెళ్తుంది, చుట్టూ ఉన్నది చల్లగానే ఉంటుంది, ఆ కరిగింది గడ్డకట్టి ముడుచుకునేటప్పుడు పక్కనున్నదాన్ని తనవైపు లాక్కుంటుంది. ప్లేటు సాధారణంగా వెల్డు ఉన్న వైపుకే ముడుచుకుంటుందని గుర్తుంచుకోండి.

సరిచేయడం ఇలా. గ్రైండర్‌లో సన్నటి కటింగ్ డిస్క్ పెట్టి కింది వెల్డులన్నీ కోసి ప్లేటుని ఫ్రేమ్ నుంచి విడదీయండి. అయ్యో అనిపిస్తుంది కానీ చాలాసార్లు వంకరలో ఎక్కువ భాగం అక్కడే వదిలిపోతుంది. ఇంకా మిగిలితే ఉబ్బిన వైపు, అంటే మధ్య దిగిన ప్లేటుకి అడుగున, రూపాయి బిళ్లంత మేర అక్కడక్కడా ఎర్రగా కాల్చి చల్లారనివ్వండి, ఆ చుక్కలు ముడుచుకుంటూ ప్లేటుని వెనక్కి లాగుతాయి. ఒక చుక్క కాల్చడం, చల్లారాక దారం పెట్టి చూడడం, అప్పుడే రెండోది. తొందరపడి పది చుక్కలు కాల్చేస్తే అటువైపు వంకర పోతుంది, అది నేను చేసి చూసిన పనే.

తిరిగి బిగించేటప్పుడు వెల్డు వద్దు. ప్లేటు అడుగున ఆరు చోట్ల చిన్న యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) ముక్కలు రెండేసి టాకులతో, అంటే చిన్న చుక్క వెల్డులతో పెట్టి, వాటిలోంచి ఫ్రేమ్‌కి బోల్టులు వేయండి, ఎక్కడ తగ్గితే అక్కడ ఫ్రేముకీ ప్లేటుకీ మధ్య రేకు ముక్కలు దూర్చి మట్టం చేసుకోవచ్చు. వెల్డే చేస్తానంటే 25 మి.మీ. వెల్డు, 150 నుంచి 200 మి.మీ. ఖాళీ, ఇలా విడివిడి ముక్కలుగా, ఎదురెదురు మూలలు మారుస్తూ కొట్టండి.

టేబుల్ ఊగుతోంది

ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేస్తే పరిష్కారం దొరకదు. కాలు గాల్లో ఉండి టకటకమంటోందా, లేక నాలుగు కాళ్లూ నేలని తాకుతూనే పక్కకి నెడితే మొత్తం ఊగుతోందా?

మొదటి రకానికి టేబుల్‌ని అదే చోట పావు చుట్టు తిప్పండి. ఇప్పుడూ అదే కాలు లేస్తే తప్పు టేబుల్‌ది, లేచే చోటు అదే ఉండి కాలు మారితే తప్పు నేలది. రెండింటికీ మందు మాత్రం ఒకటే: ప్రతి కాలు అడుగున మందపాటి పట్టీ ముక్క మూతగా వెల్డు చేసి, దానికి రంధ్రం వేసి ఎం16 (16 మి.మీ. బోల్టుకి పట్టే) నట్టు అతికించి, తలకిందులుగా బోల్టు ఎక్కించండి. తిప్పుకుంటూ ఎత్తు సరిచేసుకోవచ్చు, రసమట్టం పెట్టి పది నిమిషాల్లో అయిపోతుంది. కింద చెక్క ముక్క దూర్చే పద్ధతి ఉందిగా, అది వెల్డింగ్ టేబుల్ కింద పెట్టకండి, నిప్పురవ్వ పడేది అక్కడే.

రెండో రకానికి కారణం కాళ్లకి కింద అడ్డ కట్టు లేకపోవడం. నేలకి జానెడు ఎత్తులో మూడు వైపులా యాంగిల్ కడితే చాలు, నాలుగో వైపు మీ కాళ్లకి వదిలేయండి. చక్రాలు పెట్టుకున్నవాళ్లకి ఒక మాట: బ్రేకు ఉన్న చక్రం కూడా సుత్తి పనికి ఊగుతుంది, పని చేసేటప్పుడు బరువు బోల్టుల మీదికి దిగేలా ఉండాలి.

టేబుల్ మీద మూలమట్టంగా పెట్టిన ఫ్రేమ్ తీశాక మెలి తిరిగింది

మొదటి లక్షణం కింద చెప్పిన దారం పరీక్ష బాగానే వచ్చినా ఇది జరగచ్చు, ఎందుకంటే ఇక్కడ తప్పు టేబుల్‌ది కాకపోవచ్చు. ఒక మూల పూర్తిగా వెల్డు చేసి రెండోదానికి వెళ్లారా? అన్ని మూలలూ ముందు టాక్ వేసి, రెండు కర్ణాలూ కొలిచి, సమానంగా ఉంటేనే వెల్డుకి దిగాలి, అదీ ఎదురెదురు మూలలు మారుస్తూ. క్లాంపులు చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తీయండి. క్లాంపు తీశాక కొంచెం కదలడం మామూలే.

క్లాంపులు వేయడానికి చోటే లేదంటే అది వేరే జబ్బు. ఒకే ముక్క ప్లేటుకి అంచుల్లోనే క్లాంపు పడుతుంది, మధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అసలు డబ్బు తక్కువ ఉన్నప్పుడు ప్లేటే వద్దంటాను నేను. 10 మి.మీ. మందం పట్టీలు గానీ, బోర్లించిన ఛానెళ్లు (యూ ఆకారపు ఇనుప బద్దీలు) గానీ 25 మి.మీ. సందులతో వరసగా పేర్చి బోల్టులు వేస్తే ఎక్కడ కావాలంటే అక్కడ క్లాంపు దూరుతుంది, పొట్టూ రవ్వలూ కిందికి రాలిపోతాయి, ఒకటి పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. చిన్న సామాను జారిపోతుందన్నది నిజమే, దానికి కింద ఒక ట్రే.

ఆర్క్ సరిగ్గా అంటుకోవడం లేదు, లేదా ఒక పక్కకి ఎగిరిపోతోంది

అంటుకోకపోతే మెషీన్‌ని తిట్టేముందు టేబుల్ పైభాగం చూడండి. కొత్త ప్లేటు మీద నల్లగా నీలంగా మెరిసే పొర ఉంటుంది, ఫ్యాక్టరీలో వేడి మీద సాగదీసినప్పుడు ఏర్పడిన ఆక్సైడ్ అది, కరెంటుని సరిగ్గా పోనివ్వదు. ఎర్త్ క్లాంపు (కరెంటు తిరిగి మెషీన్‌కి వెళ్లే తీగ చివరి క్లిప్పు) పట్టే చోటూ, పని ముక్క ఆనే చోటూ గ్రైండరు ఫ్లాప్ డిస్క్‌తో మెరిసేదాకా గీకండి. పైన పెయింటు అసలే వేయొద్దు. టేబుల్ మీద పెట్టిన ముక్కకి పట్టు చాలకపోతే ముక్కకీ టేబుల్‌కీ మధ్యే చిన్న చిన్న ఆర్కులు వచ్చి రెండిటి మీదా మచ్చలు పడతాయి, అలాంటప్పుడు ఎర్త్ క్లాంపు నేరుగా ముక్కకే తగిలించండి. మోటారో బేరింగో ఉన్న వస్తువైతే ఇది తప్పనిసరి, కరెంటు బేరింగులోంచి పోతే దాని పని అయిపోయినట్టే.

పక్కకి ఎగిరిపోవడం ఎక్కువగా డీసీలో, మూలల దగ్గర వస్తుంది. ముందు మ్యాగ్నెట్ మూలమట్టం అక్కడే వదిలేశారేమో చూడండి, ఆర్క్‌ని లాగేది చాలాసార్లు అదే, టాక్ పడగానే తీసేయాలి. అది కాకపోతే ఎర్త్ క్లాంపు చోటు మార్చండి, ఆర్క్ పొట్టిగా పట్టండి, మెషీన్‌లో ఏసీ ఉంటే దానికి మారండి.

పని చేసిన రాత్రి జ్వరం, వణుకు

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కాళ్లకి తక్కువలో దొరికిన జీఐ పైపు వాడారా? దాని మీద జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది, పీలిస్తే కొన్ని గంటల తర్వాత ఫ్లూ లాగే జ్వరం, చలి, నోట్లో లోహం రుచి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఊపిరి కష్టమైతే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. టేబుల్‌కి మామూలు ఎంఎస్ పైపే తీసుకోండి. జీఐ వాడక తప్పకపోతే వెల్డు పడే చోట పూత లోపలా బయటా పూర్తిగా గీకేసి, సరైన రెస్పిరేటరు పెట్టుకుని, గాలి ఆడే చోట చేయండి.

ఇంతకంటే ప్రమాదకరమైంది ఇంకోటుంది. జిడ్డు పోతుందని కొందరు బ్రేక్ క్లీనర్ కొట్టి తుడుస్తారు, క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ వేడికి అందులోంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టచ్చు. ఆ డబ్బా టేబుల్ దగ్గరికే రాకూడదు. అలాగే కింది అరలో పెయింటు, థిన్నర్, గుడ్డలు పెట్టకండి, పని అయ్యాక కనీసం అరగంట అక్కడే తచ్చాడండి.

రవ్వలు అతుక్కుని గరుకైపోయింది, తుప్పు పడుతోంది

ఉలి లేదా గట్టి గీకుడు పట్టీ ఏటవాలుగా పెట్టి తోస్తే రవ్వలు ఊడొస్తాయి, గ్రైండరు పెడితే అక్కడ గుంట పడుతుంది. పనికి ముందు యాంటీ స్పాటర్ పల్చగా కొడితే అంత అతుక్కోవు. రాడ్లు చెమ్మగిల్లినా, ఆర్క్ పొడుగ్గా పట్టినా రవ్వలు ఎక్కువే. తుప్పుకి పని ముగిశాక నూనె గుడ్డతో ఒక తుడుపు, మళ్లీ వెల్డు మొదలుపెట్టేముందు ఆ నూనె తుడిచేయడం మర్చిపోకండి, అదీ పొగే.