కేబుల్ కార్‌లో టిట్లిస్ కొండపైకి: ఒక్క రోజులో ఎలా వెళ్ళి రావాలి?

మొదటిసారి స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ ఎక్కినప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది మా ఆవిడ ఎర్ర కోటు ఒక్కటే. అదీ నాలుగడుగుల దూరంలో ఉంది కాబట్టి. మిగతా ఆల్ప్స్ అంతా మబ్బులో మునిగిపోయింది. ప్యాకేజీ టూర్‌లో మాకు రాసిపెట్టిన రోజు అది. వానొచ్చినా వరదొచ్చినా ఆ రోజే ఎక్కాలి. పైన గంటన్నర వణికి, వేడి చాక్లెట్ తాగి దిగొచ్చాం. మనిషికి తొమ్మిది పదివేలు మబ్బుకి సమర్పించుకున్నట్టయింది.

రెండేళ్ళ తర్వాత సొంతంగా ప్లాన్ వేసుకుని, అమ్మను కూడా వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఫ్లైట్, హోటల్ అన్నీ హైదరాబాద్‌లోనే బుక్ చేశాను గానీ, కొండ టికెట్టు మాత్రం ఎక్కే రోజు పొద్దున కొన్నాను. ఆ ఒక్క మార్పుతో ట్రిప్పే వేరైపోయింది. అందుకే ఇందులో ఎక్కువ భాగం రోజు ఎంచుకోవడం గురించే ఉంటుంది.

ఎందుకు టిట్లిస్?

స్విట్జర్లాండ్‌లో ఎక్కదగ్గ కొండలు బోలెడు. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ 3,454 మీటర్ల ఎత్తు, కానీ అక్కడ పైకి చేర్చేది రైలు, ఖర్చూ ఎక్కువే. పిలాటుస్ ల్యూసెర్న్ ఊరికి దగ్గరే, కానీ ఎత్తు 2,128 మీటర్లే, ఎండాకాలంలో మంచు కనపడదు. టిట్లిస్ మీద ఏడాది పొడుగునా మంచుంటుంది. ల్యూసెర్న్ నుంచి రైల్లో ముప్పావుగంటలో ఎంగెల్‌బర్గ్ ఊరు, అక్కడి నుంచి కేబుల్ కార్‌లో అరగంటలో పైన. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా చేరుకోగలరు. శిఖరం 3,238 మీటర్లు, కేబుల్ కార్ మనల్ని దింపేది 3,020 దగ్గర. పోలికకి చెప్తే, మన హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది.

ఇక్కడ ఉండగానే చేసుకోవాల్సినవి

స్విట్జర్లాండ్‌కి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి గడువు 15 రోజులు, కానీ దాన్ని నమ్ముకోవద్దు. మన పిల్లలకి సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. శంషాబాద్ నుంచి జూరిక్‌కి దుబాయ్, దోహా, అబుదాబిల మీదుగా వెళ్ళొచ్చు. జూరిక్ ఎయిర్‌పోర్ట్ కిందనే రైల్వే స్టేషన్ ఉంది, గంటా పది నిమిషాలకి అటూఇటూగా ల్యూసెర్న్ చేరతారు. బస అక్కడ పెట్టుకోండి.

దేశమంతా తిరగడానికి ఇచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఎంగెల్‌బర్గ్ దాకా రైలు ఉచితం, కేబుల్ కార్ టికెట్టు సగం ధర. నాలుగైదు ఊళ్ళు తిరిగేవాళ్ళకి పాస్ గిట్టుబాటవుతుంది. ఒక్క ల్యూసెర్న్‌లోనే మూడు రోజులుండి వచ్చేవాళ్ళు మాత్రం కాగితం మీద లెక్క వేసుకుని కొనండి.

ఇక బట్టలు. ఒక చిన్న లెక్క చాలు: పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకి ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఎంగెల్‌బర్గ్ వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి, కింద 18 డిగ్రీలుంటే పైన 5. దానికి గాలి తోడైతే ఇంకా చల్లగా తగులుతుంది. ఒకే లావుపాటి కోటు కంటే మూడు పొరలు మేలు: ఒంటికి అతుక్కునే థర్మల్స్, దాని మీద స్వెటర్, ఆపైన గాలి దూరని జాకెట్. జీన్స్ వద్దు. మంచు మీద ఒక్కసారి కూర్చుంటే తడిసి సాయంత్రం దాకా ఆరదు. అమ్మ చీర తప్ప వేరేది కట్టనంది. సరే అని చీర కింద థర్మల్ ప్యాంటు, రెండు జతల సాక్సులు, అరికాలు పట్టున్న బూట్లు వేయించాం, మంకీ క్యాప్ సరేసరి. ఆ రోజు మాలో వణకనిది ఆవిడ ఒక్కతే.

నల్ల కళ్ళద్దాలు ఫొటోల కోసం అనుకునేరు. కొత్త మంచు తన మీద పడ్డ ఎండలో ఎనభై శాతానికి పైగా తిరగ్గొడుతుంది. అద్దాలు లేకపోతే కళ్ళు మండుతాయి. సన్‌స్క్రీన్ ముక్కు మీదే కాదు, గడ్డం కింద కూడా రాయాలి, వెలుతురు కింది నుంచి కూడా కొడుతుంది మరి.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి స్విట్జర్లాండ్‌కి తీసుకెళ్ళడానికి వీల్లేదు. కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా ఇంట్లోనే పెట్టేయండి. కందిపొడి, చేగోడీలు, సకినాలు, పులిహోర పేస్టుతో పని జరిగిపోతుంది.

ఎత్తంటే కళ్ళు తిరిగేవాళ్ళు ఇంట్లో ఉంటే, ముందు ఒకసారి శ్రీశైలంలో పాతాళగంగకి దిగే రోప్‌వే ఎక్కించి చూడండి. అక్కడ కళ్ళు మూసుకుని కూర్చున్నా పర్వాలేదు, అలవాటవుతుంది. దిగాక ఇంకెప్పుడూ ఎక్కనని ఒట్టేస్తే మాత్రం వాళ్ళని ల్యూసెర్న్ సరస్సులో పడవ ఎక్కించడం మంచిది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు, చంటిపిల్లలున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగే బయల్దేరాలి. మూడువేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దానిలో డెబ్బై శాతమే, అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది.

ఏ రోజు ఎక్కాలి?

ల్యూసెర్న్‌లో కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. అందులో కొండకి ఏ రోజన్నది తేల్చకండి. మిగతా రోజుల్లో చేసే పనులు, అంటే ఊళ్ళో చెక్క వంతెన, సరస్సులో పడవ, చాక్లెట్ షాపింగ్, అన్నీ వానలో కూడా నడిచేవే. కొండ ఒక్కటే వాతావరణం దయ.

రోజూ పొద్దున లేవగానే చూడాల్సింది కిటికీలోంచి కాదు, టిట్లిస్ వెబ్‌సైట్‌లో ఉన్న లైవ్ కెమెరాలో. చాలా హోటళ్ళ టీవీల్లో కూడా పొద్దున్నే కొండల మీది కెమెరాలు వరసగా చూపిస్తుంటారు. మేం రెండోసారి వెళ్ళింది దసరా సెలవుల్లో. ఆ రోజు ల్యూసెర్న్‌లో ఎదురు బిల్డింగ్ కూడా కనపడనంత పొగమంచు. "ఇవాళ ఏం పోతాంరా, పండుకో" అంది అమ్మ. కెమెరా తెరిస్తే పైన కళ్ళు చెదిరే ఎండ! శరదృతువులో, చలికాలంలో ఇలా జరుగుతూనే ఉంటుంది. చల్లగాలి బరువుగా లోయల్లోకి దిగి, అక్కడే పొగమంచుగా కూరుకుపోతుంది. దాని పైన ఆకాశం అద్దంలా ఉంటుంది. ఊళ్ళో మబ్బుందని మానుకుంటే మంచి రోజు చేజారినట్టే.

ఎండాకాలంలో దీనికి రివర్స్. పొద్దున శుభ్రంగా ఉంటుంది, మధ్యాహ్నానికి కొండల మీద మబ్బులు లేస్తాయి. సాయంత్రం ఉరుములు కూడా. కాబట్టి మే నుంచి ఆగస్టు దాకా వెళ్ళేవాళ్ళు మొదటి గంటల్లోనే పైన ఉండాలి. ఇక్కడ జెట్‌లాగ్ మన చుట్టం. మనకీ వాళ్ళకీ ఎండాకాలంలో మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. మొదటి రెండు మూడు రోజులు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. ఆ మెలకువని కొండకి వాడేయండి.

కెమెరాతో పాటు గాలి వేగం కూడా చూడాలి. ఆకాశం నీలంగా ఉన్నా దక్షిణం నుంచి ఫోన్ (Föhn) అనే గాలి గట్టిగా వీస్తే పై కేబుల్ కార్ ఆపేస్తారు. ఏ లైన్ నడుస్తోంది, ఏది ఆగింది అన్నది వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఏటా నవంబర్ ప్రాంతంలో మరమ్మతులకి కొన్ని రోజులు మొత్తం మూసేస్తారు, ఆ తేదీలు మాత్రం ఫ్లైట్ బుక్ చేసే ముందే చూసుకోవాలి.

కెమెరా బాగుంది, గాలి లేదు. అప్పుడు, ఆ నిమిషాన, ఫోన్‌లో టికెట్టు కొనండి. పెద్దవాళ్ళకి రానూపోనూ సుమారు వంద ఫ్రాంకులు, పాస్ ఉంటే అందులో సగం.

బయల్దేరడం, ఎక్కడం

ల్యూసెర్న్ నుంచి ఎంగెల్‌బర్గ్‌కి గంటకో రైలు. ఏడు, ఎనిమిది మధ్య పట్టుకోండి. చివర్లో రైలు ఒక సొరంగంలో దూరి పళ్ళ పట్టాల మీద నిటారుగా ఎక్కుతుంది. అక్కడే చెవులు దిబ్బడ వేస్తాయి. గుటకలు మింగండి, పిల్లల చేతిలో చాక్లెట్ పెట్టండి. స్టేషన్ నుంచి కేబుల్ కార్ దాకా పది నిమిషాల నడక, ఉచిత బస్సు కూడా ఉంటుంది. పాస్‌పోర్టు, ట్రావెల్ పాస్ పైజేబులో ఉంచుకోండి, రెండూ కలిపి అడుగుతారు.

మొదటిది ఎనిమిది మంది కూర్చునే చిన్న గండోలా. ఇది స్టేషన్‌లో పూర్తిగా ఆగదు, నడకంత వేగంతో కదులుతూనే ఉంటుంది. కంగారుపడి దూకక్కర్లేదు, సంచీ ముందు పెట్టి మామూలుగా అడుగేయండి. 1,800 మీటర్ల దగ్గర ట్రూబ్‌సీలో తలుపులు తెరుచుకుంటాయి. దిగకండి. మనం దిగాల్సింది తర్వాతి స్టేషన్, 2,428 మీటర్ల దగ్గరున్న ష్టాండ్‌లో.

ట్రూబ్‌సీ దాటాక మా అబ్బాయి సంచీలోంచి చేగోడీల ప్యాకెట్ తీశాడు. కూకట్‌పల్లిలో కొన్నప్పుడు నలిగి మెత్తగా ఉన్న ప్యాకెట్, బంతిలా ఉబ్బిపోయి ఉంది. బయట గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ లోపల చిక్కిన హైదరాబాద్ గాలి తోసుకుంటోంది మరి. వాడు పంటితో చింపేసరికి టప్పుమని పేలి సగం చేగోడీలు ఎదుటి సీట్లోని జర్మన్ పెద్దాయన ఒళ్ళో పడ్డాయి. ఆయన ఒకటి నోట్లో వేసుకుని బొటనవేలు ఎత్తి చూపించాడు. మీరు మాత్రం ప్యాకెట్లకి ముందే చిన్న కన్నం పెట్టండి.

ష్టాండ్‌లో దిగి రోటైర్ అనే కేబుల్ కార్‌లోకి మారాలి. 1992లో మొదలైన ఇది, గుండ్రంగా తిరుగుతూ పైకెళ్ళే కేబుల్ కార్లలో ప్రపంచంలోనే మొదటిది. బావి గిలక మీద రెండు చేదల్లాగా ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది. మనవాళ్ళు ఇక్కడ ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు కిటికీ కోసం తోసుకుంటారు. అనవసరం. అయిదు నిమిషాల్లో అది ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, ఎక్కడ నిలబడ్డా హిమానీనదం, లోయ, బండరాతి గోడ అన్నీ మీ ముందుకే వస్తాయి.

పైన

దిగగానే బయటికి పరుగెత్తకండి. పది నిమిషాలు లోపలే కూర్చుని నీళ్ళు తాగండి. కాస్త తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం మామూలే. తల తిరిగినా, వాంతి వచ్చినా కిందికి దిగడమే మందు. ట్రూబ్‌సీ దాకా దిగితే చాలామందికి తగ్గిపోతుంది.

ముందు ఆరుబయట డాబా మీదికి వెళ్ళండి, ఎందుకంటే మబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. గుహ, షాపులు ఎక్కడికీ పోవు. మేం వెళ్ళిన రోజు కాళ్ళ కింద లోయలన్నీ తెల్లగా నిండిపోయి, కొండ కొనలు మాత్రం దీవుల్లా తేలుతున్నాయి. అమ్మ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూసి, "కవ్వం తీసేసిన మజ్జిగ లెక్క ఉంది" అంది. నేను తీసిన నలభై ఫొటోల్లో ఒక్కటీ ఆ మాటకి సాటి రాలేదు.

తర్వాత క్లిఫ్ వాక్. 2012లో కట్టిన ఈ వేలాడే వంతెన వంద మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, కింద దాదాపు అయిదొందల మీటర్ల లోయ. టికెట్టు లేదు. గాలి ఎక్కువైతే మూసేస్తారు కాబట్టి దీన్నీ ముందే ముగించండి. భయమున్నవాళ్ళు కిందికి కాక ఎదుటి చివర చూస్తూ నడవాలి. మా ఆవిడ సగం దాకా వచ్చి వెనక్కి తిరిగింది, ఎవరూ ఏమీ అనలేదు. హిమానీనదం లోపల తొలిచిన మంచు గుహలో నేల జారుతుంది, పెద్దవాళ్ళ చేయి పట్టుకోండి.

ఎండాకాలంలో వెళ్ళేవాళ్ళకి మంచు మీద అక్కడక్కడా పరిచిన తెల్లటి దుప్పట్లు కనిపిస్తాయి. చెత్త అనుకోకండి. హిమానీనదం ఏటేటా కరిగిపోతోంది, ఎండని తిప్పికొట్టడానికి వాటిని కప్పుతారు.

ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ నలభై శాతం నుంచి ఒక్కసారిగా చచ్చిపోతుంది, సరిగ్గా పైన పెట్టిన షారుఖ్, కాజోల్ కటౌట్ పక్కన నిలబడ్డప్పుడే!

దిగేటప్పుడు

పైన రెండు గంటలు చాలు. దిగేటప్పుడు ట్రూబ్‌సీలో ఆగండి, ప్యాకేజీ బస్సులవాళ్ళు ఎలాగూ ఆపరు. అదే టికెట్టు మీద దిగి మళ్ళీ ఎక్కొచ్చు. సరస్సు చుట్టూ గంట నడక, దాదాపు సమతలం. మేం ఒడ్డున బెంచీ మీద పులిహోర డబ్బా తెరిచాం. తిన్నాక ప్లాస్టిక్ అంతా సంచీలో వేసుకుని తిరిగి తెచ్చుకోవాలి.

చివరి కేబుల్ కార్ టైమ్ పొద్దున ఎక్కేటప్పుడే బోర్డు మీద ఫొటో తీసి ఉంచుకోండి, సీజన్‌ని బట్టి మారుతుంది. కిందికి వచ్చాక రైలుకి టైముంటే, స్టేషన్ ఎదురుగా వీధిలో నడిచి 1120లో స్థాపించిన మఠం దాకా వెళ్ళి రావచ్చు. మేం వెళ్ళలేదు, అమ్మ అప్పటికే స్టేషన్ బెంచీ మీద బూట్లు విప్పేసి, రెండో జత సాక్సులు పిండుతోంది.