ఒకే కారు, వేరే వేరే లైట్లు: తేడా ఎక్కడ కొడుతుంది?

ఒకే మోడల్‌లో బేస్ వేరియంట్‌కి హాలోజన్ రిఫ్లెక్టర్ (వెలుగును అద్దంలాంటి గిన్నె ముందుకు కొట్టే హెడ్‌లైట్), మధ్య వేరియంట్‌కి ప్రొజెక్టర్ (లెన్స్ గుండా వెలుగు పంపేది), టాప్‌కి ఎల్‌ఈడీ ఇవ్వడం మామూలే. ఫేస్‌లిఫ్ట్ (అదే మోడల్‌కి కొత్త ముస్తాబు) వస్తే మళ్లీ ఇంకో డిజైన్. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఒకదాని సామాను ఇంకోదానికి బిగించేస్తారు. గొడవ అక్కడే మొదలు.

సమస్య: హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు వేశాక కళ్ల ముందంతా తెల్లగా ఉంది, దూరం మాత్రం కనబడదు. ఎదురు బండ్లు డిప్పర్ కొడుతున్నాయి.

కారణం: బేస్ కార్లలో ఎక్కువగా కనిపించే హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. పాత బల్బు తీసి వెలుతురులో చూడండి, తెలుస్తుంది. కిందికి పోయే వెలుగును అది ఆపేస్తేనే పైన గీత గీసినట్టు కట్ ఆఫ్ (వెలుగు ఆగిపోయే అంచు) వస్తుంది. రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ ఫిలమెంట్ ఉండే చోటును బట్టే చేస్తారు. ఎల్‌ఈడీ చిప్ కాస్త జరిగినా వెలుగు చెదిరిపోతుంది.

పరిష్కారం: 60/55 వాట్ల హాలోజనే మళ్లీ వేయండి. వెలుగు చాలట్లేదా? ఇంజిన్ ఆన్‌లో, లైట్లు వేసి, బల్బు హోల్డర్ దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గరికన్నా 10 శాతం తక్కువొస్తే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఎర్త్ (కరెంటు కారు బాడీ ద్వారా తిరిగి వెళ్లే కనెక్షన్) శుభ్రం చేసి, రిలేతో (బ్యాటరీ కరెంటును నేరుగా లైటుకు పంపే స్విచ్చు) విడిగా వైరు లాగిస్తే వచ్చే తేడా ఏ ఫ్యాన్సీ బల్బుతోనూ రాదని నా అనుభవం.

సమస్య: టాప్ వేరియంట్ టెయిల్ లైట్ తెచ్చి పెడితే సరిగ్గా కూర్చుంది, కానీ సగమే వెలుగుతోంది.

కారణం: కప్లర్‌లో (వైర్లు కలిసే ప్లగ్గులో) పిన్నులు వేరు. రెండు లైట్లనీ కలిపే ఎర్రటి పట్టీ చాలా బేస్ కార్లలో ఉత్త ప్లాస్టిక్కే, అక్కడిదాకా వైరే రాదు.

పరిష్కారం: కొనేముందు పార్ట్ నంబర్ సరిచూసి, పిన్నులు లెక్కపెట్టుకోండి. కొన్ని కార్లలో వైరింగ్ చేసినా కంట్రోల్ యూనిట్‌లో కోడింగ్ మార్చాలి. నన్నడిగితే అంత తంటా వద్దు.

సమస్య: రాత్రంతా టెయిల్ లైట్ బ్రేక్ లైట్‌లా మండుతోంది, బ్రేకు తొక్కితే పెద్ద తేడా లేదు.

ఇది దాదాపు ఎప్పుడూ బల్బు తిరగేసి బిగించడమే. 21/5 వాట్ల బల్బుకు (21 బ్రేకుకి, 5 టెయిల్‌కి) పక్కనుండే రెండు మొటిమల్లో ఒకటి కాస్త ఎత్తులో ఉంటుంది, తిరగబడకూడదనే. బలవంతంగా నొక్కితే ఎక్కుతుంది, 21 వాట్ల ఫిలమెంట్ టెయిల్ లైట్ అయిపోతుంది. తీసి సరిగ్గా పెట్టండి. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మసకగా వెలిగితే మాత్రం ఎర్త్ పోయినట్టు: లైటు వెనక తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు గీకి బిగించండి.

ఇండికేటర్ టకటకా వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు పోయి ఉండాలి, లేదా ఎల్‌ఈడీ వేసి ఉండాలి. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు లాగడంతో బల్బు మాడిపోయిందనుకుంటుంది కారు. రెసిస్టర్ (అదనంగా కరెంటు లాగే చిన్న భాగం) పెడితే సరిపోతుంది, కానీ అది బాగా వేడెక్కుతుంది. లోహానికే బిగించాలి, ప్లాస్టిక్‌కి వద్దు.

హెడ్‌లైట్ యూనిట్ ఏది మార్చినా గోడకు 10 మీటర్ల దూరంలో, చదునైన నేల మీద కారు నిలపండి. లెవలింగ్ నాబ్ (లైటు ఎత్తు మార్చే మీట) 0లో ఉంచండి. లైటు మీద 1.0 శాతం (వెలుగు ఎంత కిందికి వంగాలో చెప్పే లెక్క) అని ఉంటే, కట్ ఆఫ్ గీత లైటు మధ్య ఎత్తుకు 10 సెంటీమీటర్లు కింద పడాలి.