గుర్రపు డెక్కకు మందు కొట్టాక ఎదురయ్యే చిక్కులు

సమస్య: మందు కొట్టిన వారం పది రోజులకు చేపలు చచ్చి తేలుతున్నాయి.

కారణం: అందరూ మందునే తిడతారు. చాలాసార్లు చేపలను చంపేది కుళ్లు. చెరువంతా ఒకేరోజు కొడితే గుర్రపు డెక్క మొత్తం ఒకేసారి మాడి, మునిగి, కుళ్లుతుంది. ఆ కుళ్లు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తెల్లవారుజామున కట్ట మీద నిలబడి చూడండి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి కొట్టుకుంటుంటే అదే లక్షణం. బొచ్చెలు, రవ్వలు చచ్చి కొర్రమీను మాత్రం బతికి ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే. కొర్రమీను పైగాలి పీల్చి నెట్టుకురాగలదు. నల్లగొండ దగ్గర ఒక చెరువులో చచ్చిన చేపలను పుట్టిలోకి ఎత్తుతున్నవారి పక్కన నిలబడ్డాను. ఏడాది కష్టం అలా ఒడ్డున పడి ఉండటం మళ్లీ చూడలేను.

పరిష్కారం: చెరువును మూడు భాగాలు చేసుకోండి. ఒక భాగానికి కొట్టి, కనీసం రెండు వారాలు ఆగి, మాడిన మొక్కను ఒడ్డుకు లాగించాకే రెండో భాగం. లోతు తక్కువున్న ఒడ్డు వైపు నుంచి మొదలుపెడితే చేపలు లోపలికి తప్పుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. వేడి నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ. చేపలు ఇప్పటికే నోళ్లు తెరుస్తుంటే పిచికారీ ఆపి, మోటార్లతో చెరువు నీటినే తోడి పైనుంచి జల్లుగా పడేలా వదలండి.

సమస్య: చెరువు పక్క చేలో పత్తి ఆకులు సన్నగా సాగి, కప్ప కాలులా మారాయి.

కారణం: గుర్రపు డెక్కకు వాడే 2,4-డి అనే కలుపు మందు గాలికి పత్తి మీద పడింది. పత్తికి దీని చుక్క కూడా గిట్టదు. ఎస్టర్ రకమైతే ఆవిరై కూడా వెళ్తుంది.

పరిష్కారం: అమైన్ సాల్ట్ రకమే వాడండి. గాలి నెమ్మదించాక, తక్కువ ఒత్తిడితో, పెద్ద చుక్కలు పడే నాజిల్‌తో కొట్టండి. ఆ స్ప్రేయర్‌ను పత్తికి వాడకండి. నా మాట వింటే, పత్తి చేలో ఉన్నన్నాళ్లూ గుర్రపు డెక్కను కూలీలతో తీయించండి. మందు పని పత్తి ఏరాక, ఎండలు ముదరకముందు, ఫిబ్రవరిలో పెట్టుకోండి. పానగల్ ఉదయసముద్రం వంటి తాగునీటి జలాశయాల్లో మాత్రం మందు మాటే వద్దు.

సమస్య: జమ్ము, నాచు చావలేదు.

2,4-డికి జమ్ము సరిగా లొంగదు, కోయించాల్సిందే. నీటి అడుగున పెరిగే నాచుకు పైన కొట్టిన మందు అందదు. గడ్డి చేప పిల్లలను వదిలితే తింటాయి.

సమస్య: నెల తిరగకుండా మళ్లీ పచ్చబడింది.

కారణం: పెద్ద ఆకుల కింద దాగిన పిలకలకు మందు తగల్లేదు. ఆకు నున్నగా ఉంటుంది కాబట్టి జిగురు మందు కలపకపోతే చుక్క జారిపోతుంది. అడుగు బురదలోని విత్తనాలు ఏళ్ల తరబడి బతుకుతాయి. మూసీ నీళ్లు చేరే చెరువుల్లో మురుగే దీనికి ఎరువు.

పరిష్కారం: మూడు నాలుగు వారాలకు ఒకసారి చూసి, పూత రాకముందే మిగిలిన పిలకలను చేత్తో తీయండి. ఆకుల మీద గీరినట్టు చిన్న మచ్చలు కనిపిస్తే అక్కడ నియోకెటినా ముక్కుపురుగులు ఉండవచ్చు. దేశంలోకి 1980లలో తెచ్చిన ఈ పురుగులు తినేది గుర్రపు డెక్కనే. ఆ మూలకు మందు కొట్టకుండా వదిలేయండి. ఊరి మురుగు కాలువ చెరువులో కలిసే చోటును మళ్లించమని పంచాయతీని ముందే అడగండి. ఆ కాలువ ఆగకపోతే వచ్చే ఏడాదీ ఇదే ఖర్చు.